తెల్లారేసరికి మళ్ళీ కట్ట!

మన ఊళ్ళలో చెరువుకట్టకు గండి పడిందంటే ఊరంతా పలుగూ పారా పట్టుకుని పరిగెడుతుంది. అమెరికాలోనూ, స్కాట్లాండులోనూ కొందరు రైతులది దీనికి తలకిందుల కథ. వాళ్ళు పలుగు పట్టేది కట్టకు గండి కొట్టడానికి! పగలంతా చెమటోడ్చి గండి కొట్టి ఇంటికి పోతారు. తెల్లారి వచ్చి చూస్తే గండి పూడిపోయి, కట్ట ఎప్పటిలా నిలబడి వెక్కిరిస్తూ ఉంటుంది. రాత్రికి రాత్రి ఆ పని చేసి పోయే మేస్త్రీ పేరు బీవరు.

బీవరు మన దేశపు జంతువు కాదు. ఎలుకకు దూరపు చుట్టమే గానీ, పెద్దదైతే ఇరవై కిలోల పైన కూడా తూగుతుంది. అట్లకాడలాంటి చదునైన తోక, నారింజరంగు పళ్ళు. ఆ పళ్ళతో చెట్లు కొరికి పడగొట్టి, కొమ్మలూ రాళ్ళూ బురదా పేర్చి వాగుకు అడ్డంగా కట్ట కడుతుంది. కెనడాలోని ఒక అడవిలో ఇవి కట్టిన కట్ట పొడవు ముప్పాతిక కిలోమీటరు పైమాటే!

ఇంత శ్రమ దేనికంటారా? ఇంటి భద్రత కోసం. దాని ఇంటి గుమ్మం నీళ్ళ అడుగున ఉంటుంది. నీళ్ళు తగ్గాయంటే గుమ్మం బయటపడుతుంది, తోడేలుకు దారి దొరుకుతుంది. అందుకని ముందు కట్ట, తరవాతే కాపురం. ఆలుమగలు సాధారణంగా జీవితాంతం కలిసే ఉంటారు. పిల్లలు రెండేళ్ళు వచ్చేదాకా అమ్మానాన్నల దగ్గరే ఉండి, ఆ తరవాత తమ వాగు తాము వెతుక్కుంటూ పోతారు.

ఇంత బుద్ధిగా బతికే జీవికి మనిషితో వైరం ఎలా వచ్చింది? టోపీతో వచ్చింది. మన భాషలో 'టోపీ వేశాడు' అంటే మోసం చేశాడని అర్థం. బీవరుకు మాత్రం నిజం టోపీయే ముప్పు తెచ్చిపెట్టింది. దాని ఒంటి మీది మెత్తని నూగుతో చేసిన ఫెల్టు టోపీలంటే యూరప్ దొరలు పడిచచ్చేవారు. ఆ చర్మాల వ్యాపారానికే 1670లో ఇంగ్లండు రాజు రెండో చార్లెస్ హడ్సన్స్ బే కంపెనీకి పట్టా ఇచ్చాడు. ఆ కంపెనీ కొట్లలో తుపాకీకైనా కంబళికైనా ధర కట్టేది బీవరు చర్మాల లెక్కనే. 1820ల్లో మరీ ఘోరం జరిగింది. అమెరికన్ వేటగాళ్ళు ఇటు తొంగిచూడకుండా ఉండాలని స్నేక్ నది ప్రాంతంలో బీవరన్నది మిగలకుండా చెయ్యమని కంపెనీ తన మనుషుల్ని పంపింది. పోటీదారు మీద కోపం నోరులేని జంతువు మీద తీరిందన్నమాట.

మేస్త్రీ పోయాక కట్టకు మరమ్మతు చేసేదెవరు? ఒక్కొక్క కట్టా తెగింది, మడుగులు ఎండాయి. అడుగున ఏళ్ళ తరబడి పేరుకున్న ఒండ్రు మిగిలింది. దాని మీద పచ్చగడ్డి ఏపుగా లేచింది. అమెరికా తూర్పు తీరంలో స్థిరపడిన తెల్లవాళ్ళకు ఆ బయళ్ళు వడ్డించిన విస్తళ్ళయ్యాయి. చెట్టు కొట్టే పని లేకుండా పశువులకు మేత దొరికింది. తరవాత అలాంటి చోట్లే నాగలి కూడా దిగింది. అంటే రైతు బీవరు ముంచిందని తిట్టే నేలల్లో కొన్ని ఒకప్పుడు బీవరు చేసిపెట్టినవే!

ఇరవయ్యో శతాబ్దం వచ్చేసరికి జనానికి కళ్ళు తెరుచుకున్నాయి. వేటకు కట్టడి పెట్టారు, పోయినచోటికి మళ్ళీ తెచ్చి వదిలారు. బీవర్లు పెరిగాయి, పాత వాగులు వెతుక్కుంటూ వచ్చాయి. వచ్చి చూస్తే అక్కడ పొలాలున్నాయి.

ఇక్కడ రైతు గోడు కూడా వినాలి. పల్లపు పొలంలో మురుగు కాలవకు అడ్డంగా మూరెడు కట్ట చాలు. నేల అడుగున వేసుకున్న మురుగు గొట్టాల మూతులు మునిగిపోతాయి. పైకి చుక్క నీరు కనపడకపోయినా వేళ్ళు కుళ్ళుతాయి, ట్రాక్టరు దిగబడుతుంది, చేతికొచ్చిన బంగాళాదుంప మట్టిలోనే పాడవుతుంది. అప్పు తెచ్చి పంట వేసినవాడు జంతుప్రేమ మీద ఉపన్యాసం ఎంతసేపు వింటాడు?

అందుకే పలుగుతో కాకపోతే డైనమైటుతో పేల్చారు. ఉన్నట్టుండి కట్ట తెగితే నిలవనీరంతా ఒక్క ఉరుకున పోయి కింది గట్లు కోసేస్తుందని తరవాత తెలిసొచ్చింది. 1948లో ఐడహో రాష్ట్రంవాళ్ళు మరో ఉపాయం పన్నారు. జనావాసాల దగ్గర అల్లరి చేస్తున్న 76 బీవర్లని పెట్టెల్లో పెట్టి, యుద్ధంలో మిగిలిన పారాచూట్లు కట్టి, విమానంలోంచి కొండల మధ్య అడవిలో దింపారు! పెట్టె నేలకు తగలగానే తలుపు తెరుచుకుంటుంది. ఒక్కటి తప్ప అన్నీ క్షేమంగా దిగాయి. కానీ ప్రతి వాగుకూ విమానం పంపగలమా?

అసలు కిటుకు 1960ల్లో స్వీడన్ శాస్త్రజ్ఞుడు లార్స్ విల్సన్ పట్టుకున్నాడు. పారే నీటి చప్పుడు రికార్డు చేసి వినిపిస్తే, నీరే లేనిచోట కూడా బీవర్లు ఆ స్పీకరు మీద పుల్లలు పేర్చాయట! చంటిపిల్ల ఏడుపు వింటే తల్లి ఆగలేనట్టు, నీటి సవ్వడి వింటే అవి ఆగలేవు. మనం గండి కొట్టడమంటే వాటిని పేరుపెట్టి పనికి పిలవడమే. ఈ సంగతి ఎరిగినవాళ్ళు ఇప్పుడు కట్ట మధ్యనుంచి గొట్టం వేస్తారు. దాని మూతి కట్టకు దూరంగా, నీటి అడుగున, తీగ బోనులో ఉంటుంది. చప్పుడు లేకుండా నీరు జారిపోతుంది. మడుగు ఒక మట్టం దాటదు. బీవరు కాపురం కూలదు. అయితే లోతు లేని మురుగు కాలవల్లో ఈ ఉపాయం పారదు. అక్కడ కట్ట తియ్యక తప్పదు.

తియ్యడమైనా ఎలా? స్కాట్లాండులో పదహారో శతాబ్దం నాటికే బీవర్లు అంతరించాయి. 2009లో నార్వే నుంచి తెచ్చి నాప్‌డేల్ అడవిలో వదిలారు. ఈలోగా టే నది ఒడ్డున, మంచి పంటభూముల మధ్య, ప్రభుత్వ అనుమతి లేకుండానే మరికొన్ని చేరి పెరిగాయి. 2019 మే 1 నుంచి వాటికి చట్టరక్షణ వచ్చింది. కట్ట వయసు రెండు వారాలు దాటితే లైసెన్సు లేకుండా తియ్యకూడదు. అయినా ఆ ఏడాది చివరికల్లా లైసెన్సుల మీదనే 87 బీవర్లని చంపారు. రక్షణ అన్న మాటకు ఇదేం అర్థమని చాలామంది బాధపడ్డారు.

ఇంగ్లండులోని డెవన్‌లో 2015 నుంచి అయిదేళ్ళు జరిగిన పరిశీలనలో ఒక గట్టి సంగతి తేలింది. ఈస్ట్ బడ్లీ అనే ఊరికి ఎగువన బీవర్లు కట్టిన కట్టలు వరద ఉరవడిని తగ్గించాయి. పై పొలంలో నీరు నిలవబట్టి కింది ఊళ్ళో ఉద్ధృతి తగ్గిందన్నమాట. మేలు ఊరిది, నష్టం ఆ పొలమున్న రైతుది.

ఈ లెక్క ఆడవాళ్ళకు వేరే చెప్పాలా? ఇంటిల్లిపాదీ సుఖంగా ఉండాలంటే ఎవరో ఒకరు సర్దుకుపోవాలంటారు. ఆ ఒక్కరూ ఎప్పుడూ ఒకే మనిషి అయినప్పుడే మనసులో కట్టలు తెగుతాయి. కింది ఊరు ఆ రైతు నష్టంలో పాలు పంచుకున్న రోజున అతను పలుగు పక్కన పెట్టగలడు. లేదంటారా, పగలు అతను గండి కొడుతూనే ఉంటాడు, రాత్రి బీవరు పూడుస్తూనే ఉంటుంది.