బ్రాంచ్ అండ్ బౌండ్ పద్ధతి: ఆలోచన, పేరు, రూపం – ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

ఇంజనీరింగ్ ప్రణాళికలలో కొన్ని రాశులు పూర్ణాంకాలుగానే ఉండాలి. అటువంటి సమస్యలను సాధించే బ్రాంచ్ అండ్ బౌండ్ పద్ధతిని పాఠ్యగ్రంథాలు తరచుగా ల్యాండ్, డోయిగ్‌ల ఆవిష్కరణగా ఒక్క వాక్యంలో పేర్కొని ముందుకు సాగుతాయి. ఈ పద్ధతికి మూలమైన ఆలోచన, దాని పేరు, నేడు తరగతి గదులలో బోధిస్తున్న రూపం మూడు వేర్వేరు చోట్ల రూపొందాయని చూపడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: పూర్ణాంక ప్రోగ్రామింగ్, లీనియర్ ప్రోగ్రామింగ్, శాఖ, హద్దు, గణన చరిత్ర.

1. ఉపోద్ఘాతం

రెండున్నర యంత్రాలను ఎవరూ కొనరు. లీనియర్ ప్రోగ్రామింగ్ మాత్రం అటువంటి సమాధానాన్ని నిస్సంకోచంగా ఇస్తుంది. దానిని దగ్గరి పూర్ణాంకానికి సవరిస్తే సరిపోతుందన్న అభిప్రాయం ఎంత బలహీనమైనదో ఒక చిన్న ఉదాహరణ చూపుతుంది.

ఒక కర్మాగారం రెండు రకాల పంపులను తయారు చేస్తుందనుకుందాం. మొదటి రకం పంపుకు లేత్ పని 2 గంటలు, బిగింపు పని 2 గంటలు పడుతుంది. రెండవ రకానికి లేత్ పని 1 గంట, బిగింపు 3 గంటలు. లేత్‌కు 8 గంటలు, బిగింపుకు 14 గంటలు మాత్రమే ఉన్నాయి. లాభం మొదటి రకంపై 4 వేల రూపాయలు, రెండవ రకంపై 3 వేలు. పూర్ణాంక నియమాన్ని పక్కన పెడితే ఉత్తమ సమాధానం మొదటి రకం 2.5, రెండవ రకం 3. లాభం 19 వేలు. 2.5ను 3కు పెంచితే లేత్ గంటలు చాలవు. 2కు తగ్గిస్తే లాభం 17 వేలకు పడిపోతుంది. నిజమైన ఉత్తమ సమాధానం మొదటి రకం 3, రెండవ రకం 2. లాభం 18 వేలు. ఇక్కడ రెండవ రాశి కూడా మారింది. దగ్గరి పూర్ణాంకానికి సవరించడం ఆ మార్పును పట్టుకోలేదు.

బ్రాంచ్ అండ్ బౌండ్ ఈ సమస్యను రెండు శాఖలుగా విడదీస్తుంది: మొదటి రకం 3 లేదా అంతకంటే ఎక్కువ, 2 లేదా అంతకంటే తక్కువ. మొదటి శాఖలో వెంటనే పూర్ణాంక సమాధానం, 18 వేల లాభం లభిస్తాయి. రెండవ శాఖలో పూర్ణాంక నియమాన్ని సడలించినా లాభం 18 వేలకు మించదు. అదే ఆ శాఖకు హద్దు. కాబట్టి దాని లోపల వెదకవలసిన పని లేదు. వెదకకుండానే వదిలివేయగలగడం, వదిలినదానిలో ఇంతకంటే మెరుగైనది లేదని రుజువుతో చెప్పగలగడం ఈ పద్ధతికి ప్రాణం.

2. లండన్: ఆలోచన

1950వ దశకం చివరలో లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో లీనియర్ ప్రోగ్రామింగ్‌పై పనిచేస్తున్న బృందంలో ఐల్సా ల్యాండ్, ఆలిసన్ డోయిగ్ ఉన్నారు. మెల్‌బోర్న్ నుంచి వచ్చిన డోయిగ్ అంతకుముందే కాగితపు చుట్టలను వృథా తగ్గేలా కత్తిరించే సమస్యను అధ్యయనం చేశారు. చమురు శుద్ధి కర్మాగారాల ప్రణాళికలో పూర్ణాంక రాశులను ఎలా చేర్చాలన్న ప్రశ్నతో బ్రిటిష్ పెట్రోలియం సంస్థ వారి పరిశోధనకు ఆర్థిక సహాయం చేసింది. ఫలితం 1960 జూలైలో 'ఎకనామెట్రికా' పత్రికలో వెలువడింది.

ఆ పని కంప్యూటర్‌పై జరగలేదు. వారి సంస్థకు అప్పటికి ఆ సౌకర్యం లేదు. బల్లపై పెట్టుకునే గణన యంత్రాలతో లెక్కలు చేశారు. ఒక యంత్రంపై ఎడమ చేతితో గుణకారం, మరొక దానిపై కుడి చేతితో కూడికలు, తీసివేతలు సాగించేవారమని వారే అనంతర కాలంలో గుర్తు చేసుకున్నారు. మధ్యంతర ఫలితాలను కాగితాలపై రాసి ఫైలులో భద్రపరిచేవారు. అందువల్ల ఎన్ని శాఖలైనా నిల్వ చేయడం వారికి ఇబ్బంది కాలేదు.

వారి విధానంలో రాశిని ఒక్కొక్క పూర్ణాంక విలువ వద్ద స్థిరపరుస్తారు. మన ఉదాహరణలో ముందు 2, 3 విలువలను పరిశీలించి, అవసరమైతే 1, 4 విలువలకు వెళతారు. ఒకే రాశి నుంచి అనేక శాఖలు పుట్టవచ్చు. కాగితానికి అది భారం కాదు. ఆనాటి కంప్యూటర్ జ్ఞాపకశక్తికి భారమే.

3. అమెరికా: పేరు

ల్యాండ్, డోయిగ్‌లు తమ పద్ధతిని బ్రాంచ్ అండ్ బౌండ్ అని పిలవలేదు. ఆ పేరు 1963లో 'ఆపరేషన్స్ రీసెర్చ్' పత్రికలో ట్రావెలింగ్ సేల్స్‌మన్ సమస్యపై వచ్చిన వ్యాసంతో ప్రచారంలోకి వచ్చింది. దాని రచయితలు జాన్ లిటిల్, కట్టా గోపాలకృష్ణమూర్తి, డ్యూరా స్వీనీ, కరొలిన్ కారెల్. తెలుగు పాఠకునికి పరిచితంగా వినిపించే ఇంటిపేరు గల మూర్తి కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో చదివి, క్లీవ్‌లాండ్‌లోని కేస్ ఇన్‌స్టిట్యూట్‌కు వెళ్లి ఈ సమస్యపై పనిచేశారు. ఒకరి పని ఒకరికి కేటాయించే అసైన్‌మెంట్ సమస్య నుంచి వారు హద్దులను లెక్కగట్టారు. లీనియర్ ప్రోగ్రామింగ్ ద్వారా కాక మరొక మార్గంలోనూ హద్దు పొందవచ్చని తేలడంతో, ఒక నిర్దిష్ట గణన విధానం కాస్తా విస్తృతమైన సూత్రంగా మారింది.

4. సిడ్నీ: రూపం

1965లో సిడ్నీ విశ్వవిద్యాలయానికి చెందిన ఆర్. జె. డాకిన్ 'కంప్యూటర్ జర్నల్'లో ఒక మార్పును ప్రతిపాదించారు. రాశిని ఒక్కొక్క విలువ వద్ద స్థిరపరచడానికి బదులు, 'ఇంతకు మించకూడదు', 'ఇంతకు తగ్గకూడదు' అన్న రెండు అసమీకరణాలతో విడదీస్తే చాలు. ప్రతి శాఖకు రెండే ఉపశాఖలు. గుర్తుంచుకోవలసిన సమాచారం పరిమితం. కంప్యూటర్‌కు అనువైన రూపం ఇదే. ఉపోద్ఘాతంలో వివరించిన విభజన డాకిన్‌దే తప్ప ల్యాండ్, డోయిగ్‌లది కాదు.

5. ముగింపు

పై పరిశీలన వల్ల మూడు అంశాలు స్పష్టమవుతున్నాయి. ఒకటి, పరిశ్రమ ప్రశ్న నుంచి పుట్టిన ఆలోచన కంప్యూటర్ లేని చోటనే పూర్తి రూపం పొందింది. రెండు, పేరు పెట్టినవారు వేరొక సమస్యను సాధిస్తూ ఆ ఆలోచన పరిధిని పెంచారు. మూడు, 'ల్యాండ్–డోయిగ్ పద్ధతి' అన్న శీర్షిక కింద మనం తరచుగా బోధిస్తున్నది డాకిన్ సవరణను. ఈ భేదాన్ని పాటించడం కేవలం కీర్తిని పంచడం కోసం కాదు. గణిత పద్ధతి రూపాన్ని దానిని అమలు చేసే సాధనం కూడా నిర్ణయిస్తుందని విద్యార్థి గ్రహించడానికి ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ అరుదు. గోమరీ 1958లో ప్రకటించిన కోత సమతలాల పద్ధతి తదనంతర కాలంలో దీనితో కలిసి బ్రాంచ్ అండ్ కట్‌గా రూపొందింది. నేటి సాఫ్ట్‌వేర్‌లు ఆ సమ్మేళనాన్నే ఆధారం చేసుకున్నాయి. వాటి వెనుక ఒకప్పుడు రెండు చేతులతో రెండు యంత్రాలను నడిపిన ఇద్దరు మహిళల శ్రమ ఉందని బోధనలో చెప్పవలసిన బాధ్యత అధ్యాపకులది.