మంటను ఆర్పిన నీరు

రైను నది ఒడ్డున, స్విట్జర్లండులోని బాసెల్ నగరానికి సమీపంలో ష్వైట్సర్‌హాలె అనే పారిశ్రామిక ప్రదేశం ఉన్నది. 1986 నవంబరు 1వ తేదీన, అర్ధరాత్రి దాటిన కొద్దిసేపటికే, అక్కడి సాండోజ్ కంపెనీ గిడ్డంగి ఒకటి అంటుకొన్నది. అందులో సుమారు 1,350 టన్నుల రసాయనాలు నిలువ ఉన్నవి. వానిలో ఎక్కువ భాగం పైరులపై చల్లే పురుగుమందులు. ఆ కట్టడం మొదట యంత్రసామగ్రి కోసం కట్టినది.

అగ్నిమాపక దళాలు నీటిని ధారలుగా కురిపించి, పక్క కట్టడాలకు మంట పాకకుండా కాపాడి, తెల్లవారేసరికి దానిని ఆర్పినవి. నగరంలో సైరనులు మోగినవి. తలుపులు, కిటికీలు మూసుకొని ఇండ్లలోనే ఉండవలసినదని ప్రజలకు చెప్పినారు. ఉదయం 7 గంటలకు అపాయం తొలగినదని ప్రకటించినారు. ఒక్కరైనా మరణించలేదు. ఇంతవరకు చూస్తే దళాల పని మెచ్చదగినదే.

అయితే ఆ నీరంతా ఎక్కడికి పోయినది? దానిని పట్టి నిలిపే తొట్టి గిడ్డంగికి లేదు. 10,000 ఘనమీటర్లకు తక్కువ కాని ఆ నీరు మందులను కలుపుకొని కాలువల గుండా రైనులో పడినది. గిడ్డంగిలో ఉన్న రోడమిన్ అనే రంగువల్ల నది ఎర్రబారినది. జనులు భయపడినది ఆ ఎరుపును చూచియే. కాని అసలు హాని కంటికి కనబడని వానివలన కలిగినది. డైసల్ఫొటాన్, థయోమెటాన్ వంటి భాస్వర సమ్మేళనాలు నాడుల కొసలవద్ద ఉండే ఒక ఎంజైమును పనిచేయనీయవు. నాడి తెచ్చిన సంకేతం కండరాన్ని చేరగానే, సంకేతాన్ని మోసిన పదార్థాన్ని విడగొట్టడం ఆ ఎంజైము పని. అది ఆగితే కండరానికి విశ్రాంతి ఉండదు. ప్రాణి ఊపిరాడక చస్తుంది. పురుగైనా, చేపయైనా ఒకటే. సుమారు 400 కిలోమీటర్ల మేర, పామువలె పొడవుగా ఉండి నది అడుగున తిరిగే మలుగు చేపలు దాదాపు లక్షన్నర చచ్చినవి. దిగువన జర్మనీ, హాలెండులలో నదినుండి తాగునీరు తోడుట ఆపివేసినారు.

ఆ తరువాత, మంటపై చల్లిన నీటిని పట్టే తొట్లు రసాయన గిడ్డంగులకు ఉండితీరవలెనన్న పట్టుదల ఐరోపాలో పెరిగినది. కాని తొట్టి చాలనిచోట ఏమి చేయాలి? ఏడు నెలలు తిరగకముందే ఈ ప్రశ్న అమెరికాలో, ఒహాయో రాష్ట్రపు డేటన్ పట్టణంలో ఎదురైనది. 1987 మే 27న అక్కడ 15 లక్షల గ్యాలన్లకు పైగా రంగులు, తత్సంబంధమైన ద్రవాలు ఉన్న గిడ్డంగి అంటుకొన్నది. పట్టణం తాగే భూగర్భజలం సరిగా దాని క్రిందనే ఉన్నది. అధికారులు నీరు చల్లించుట మాని, గిడ్డంగిని కాలిపోనిచ్చినారు. మంట ఎదుట గొట్టం పట్టుకొని ఊరక నిలుచుట అగ్నిమాపకునికి ఎంత కష్టమో ఊహించవచ్చు. పొగ కొన్ని దినాలు లేచినది. నేలను తరువాత శుభ్రపరచవలసి వచ్చినది. బావుల నీరు మాత్రం దక్కినది.