నలుగురిలో అడిగిన ప్రశ్న: తెలుగువారి కంప్యూటర్ సాయం చరిత్ర

కంప్యూటర్‌తో వచ్చిన చిక్కును ముఖపరిచయం లేని నలుగురి ముందు రాతలో పెట్టి, తెలిసినవారి దగ్గర రాతలోనే పరిష్కారం పొందడం ఆన్‌లైన్ సాంకేతిక సాయానికి మూలరూపం. ఈ పద్ధతి 1980లో మొదలైన యూజ్‌నెట్ అనే చర్చా బృందాల వ్యవస్థతో ప్రపంచమంతా పాకింది. తెలుగువారిలో 1990ల ఆరంభంలో అమెరికా విశ్వవిద్యాలయాల్లో మొదలై, 2003 తర్వాత తెలుగు లిపిలో స్థిరపడింది. దీన్ని చాలామంది అవసరార్థం చేసే చిన్న పనిగా చూస్తారు. చరిత్ర చెప్పేది వేరు. తెలుగు కంప్యూటర్ మీద నిలబడడంలో ఉపకరణాలు చేసినవారికి ఎంత పాత్ర ఉందో, ధైర్యం చేసి నలుగురిలో అడిగినవారికీ అంత పాత్ర ఉంది. ఒక జవాబు ఎంత త్వరగా వచ్చిందన్నది చిన్న విషయం. అదే చిక్కుతో రేపు వచ్చేవారికి ఆ జవాబు దొరుకుతుందా లేదా అన్నదే సాయానికి అసలు కొలత.

రైల్వే పట్టణం నుంచి చూస్తే

ఈ కొలత ఎంత అవసరమో స్వస్థలానికి దూరంగా స్థిరపడిన తెలుగువారిని చూస్తే తెలుస్తుంది. ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ అలాంటి చోటు. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే ఆ ఊరిని జంక్షన్‌గా పెంచింది. అదే సంస్థ వాల్తేరు వైపు కూడా మార్గాలు నడిపింది. 1931లో విజయనగరం–రాయ్‌పూర్ మార్గం పూర్తి కావడంతో ఉత్తరాంధ్ర నుంచి ఛత్తీస్‌గఢ్ మైదానానికి దారి దగ్గరైంది. స్వాతంత్ర్యం తర్వాత ఆగ్నేయ రైల్వేలో వాల్తేరు, బిలాస్‌పూర్ డివిజన్లు రెండూ ఒకే గొడుగు కింద ఉండేవి. 2003 ఏప్రిల్‌లో బిలాస్‌పూర్ కేంద్రంగా ఆగ్నేయ మధ్య రైల్వే ఏర్పడి, వాల్తేరు తూర్పు కోస్తా రైల్వేలోకి వెళ్లాకే ఆ పాలనా బంధం తెగింది. ఉద్యోగాల మీద వచ్చి రైల్వే కాలనీల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో ఇంట్లో మాట తెలుగు, బడి చదువు హిందీ లేదా ఇంగ్లీషు. అలాంటి ఇంట్లో తెలుగు ఫాంటు చెడితే పక్కింటికి వెళ్లి అడిగే వీలు తక్కువ. తెలుగు నేల మీద ఉన్నవారికి సౌకర్యంగా ఉన్న ఆన్‌లైన్ సాయం ఇక్కడివారికి ఏకైక దారి.

నలుగురూ వినేలా మాట్లాడడం, నేర్చుకున్నదాన్ని రాతలో నిలపడం రైల్వేకు కొత్త కాదు. రైలు నియంత్రణకు వాడే కంట్రోలు ఫోను సెక్షన్‌లోని స్టేషన్లన్నిటినీ ఒకే తీగ మీద కలిపేది. కంట్రోలర్ ఒక స్టేషన్ మాస్టర్‌తో చెప్పిన మాట మిగతావారి చెవినా పడేది. నియమాల్లో మార్పు వస్తే కరెక్షన్ స్లిప్పు వచ్చేది, దాన్ని రూల్సు పుస్తకంలో అతికించేవారు. మొదటిది అందరికీ వినిపించే ప్రశ్న, రెండవది అందరి కోసం దాచిన జవాబు. ఈ రెండూ కలిసినప్పుడే విజ్ఞానం పెరుగుతుందనడానికి రైల్వే అభిమానుల బృందం ఐఆర్ఎఫ్‌సీఏ మరో సాక్ష్యం. 1989లో కొద్దిమందితో మొదలైన ఆ బృందం సభ్యుల ప్రశ్నోత్తరాలను వడగట్టి భారతీయ రైల్వేల మీద విస్తృతమైన ప్రశ్నోత్తర సంకలనాన్ని కూర్చింది. విడివిడిగా చూస్తే ఆ ప్రశ్నలు చిన్నవే. ఒకచోట చేర్చి నిలిపినందువల్లే అవి ఆధార గ్రంథం లాంటివి అయ్యాయి.

తొలి దశ: ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు

అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయ విద్యార్థులు టామ్ ట్రస్కాట్, జిమ్ ఎల్లిస్ 1979లో యూజ్‌నెట్‌ను తలపెట్టారు. అక్కడ ఒకే ప్రశ్న పదేపదే రావడంతో పాతవారు విసుగుచెంది, తరచూ అడిగే ప్రశ్నలకు జవాబులను ఒక పత్రంగా కూర్చి క్రమం తప్పకుండా పంచడం మొదలుపెట్టారు. 1991 ఆగస్టు 25న లినస్ టోర్వాల్డ్స్ యూజ్‌నెట్‌లోని మినిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ వాడుకరుల బృందంలో తాను చేస్తున్న కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ గురించి చెప్పి, మీకేం కావాలని అడిగాడు. ఆ తర్వాత వచ్చినదే లినక్స్. అడగడం అజ్ఞానానికి గుర్తనే అపోహను తొలగించడానికి ఈ ఒక్క ఉదాహరణ చాలు. సరిగ్గా అడగడం ఎలాగో 2001లో ఎరిక్ రేమండ్ ఒక మార్గదర్శి రాశాడు. ముందు వెతకాలి, ఏ వెర్షన్ వాడుతున్నామో చెప్పాలి, తెరమీద వచ్చిన సందేశాన్ని ఉన్నదున్నట్టు రాయాలి, ఇప్పటికే ఏం ప్రయత్నించామో తెలపాలి. ఇవి మర్యాదలుగా కనిపించినా, నిజానికి ప్రశ్నను ఇతరులకూ పనికొచ్చేలా మలిచే నియమాలు.

తెలుగువారి తొలి కూడళ్లలో ఒకటి యూజ్‌నెట్‌లోని సాక్.కల్చర్.ఇండియన్.తెలుగు. 1990ల ఆరంభంలో అక్కడ తెలుగు లిపి కనిపించే వీలు లేదు. తెలుగు మాటను ఇంగ్లీషు అక్షరాల్లో ఒక్కొక్కరు ఒక్కోలా రాసేవారు. త, ట ఒకటయ్యేవి. న, ణ కలిసిపోయేవి. ఈ ఇబ్బందికి రైస్ విశ్వవిద్యాలయంలో కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ రూపొందించిన ఆర్‌టీఎస్ పద్ధతి పరిష్కారమైంది. ఇంగ్లీషు చిన్న t అక్షరానికి త, పెద్ద T అక్షరానికి ట. ఇలాగే న–ణ, ల–ళ జంటలకూ తేడా పెట్టారు. ఒక బృందం కలిసి రాసుకోవాల్సిన అవసరమే ఈ పద్ధతిని నిలబెట్టింది. ఇంగ్లీషు అక్షరాలను తెలుగులోకి మార్చే, తర్వాతి కాలంలో వచ్చిన లేఖిని వంటి ఉపకరణాలు ఇదే బాటలో నడిచాయి. భారతదేశంలో 1986లో మొదలైన ఎర్నెట్ అనే కంప్యూటర్ల వలయం విద్యాసంస్థలను కలిపింది. 1995 ఆగస్టు 15న ప్రభుత్వ సంస్థ వీఎస్ఎన్ఎల్ సామాన్యులకు ఇంటర్నెట్ అందించడంతో ఈ సంభాషణలోకి స్వదేశంలోని తెలుగువారూ వచ్చారు.

డబ్బాల కాలం

ప్రతి అక్షరానికీ ఒక సంఖ్య ఇచ్చే యూనికోడ్ ప్రమాణంలో, 1991 నాటి తొలి ప్రతిలోనే తెలుగుకు చోటు దక్కింది. అయినా వాడుకరి తెర మీద తెలుగు సరిగా కనిపించడానికి పదేళ్లకు పైగా పట్టింది. పత్రికలు ఎవరి ఫాంటు వారు వాడేవి. ఒక పత్రిక చదవడానికి దించుకున్న ఫాంటు మరో పత్రికకు పనికొచ్చేది కాదు. యూనికోడ్‌లో రాసినది చాలా కంప్యూటర్లలో ఖాళీ డబ్బాల వరుసగా కనబడేది. విండోస్ ఎక్స్‌పీలో గౌతమి ఫాంటు ఉన్నా, భాషల అమరికల్లో సంక్లిష్ట లిపుల కోసం ఒక గడిలో టిక్కు పెట్టి, విండోస్ సీడీ పెట్టి ఫైళ్లు ఎక్కిస్తేనే వత్తులు, గుణింతాలు కుదురుకునేవి. లినక్స్‌లో కొన్ని ఫైర్‌ఫాక్స్ ప్రతులకు పాంగో అనే అక్షర విన్యాస వ్యవస్థను విడిగా చేతనం చేయాల్సి వచ్చేది. వీటిలో ఏదీ కంప్యూటర్ కొన్నవారికి ఇచ్చే పుస్తకంలో తెలుగులో రాసి ఉండేది కాదు. ఒకరు అడిగి, మరొకరు వివరించి, మూడోవారు బొమ్మలతో సహా రాసిపెట్టినందువల్లే తెలిసింది.

ఈ దశలో జరిగిన పని తీరు గమనించదగ్గది. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా మొదలైంది. దాని సాధారణ చర్చా స్థలానికి రచ్చబండ అనీ, అడిగే చోటుకు సహాయ కేంద్రం అనీ పేర్లు పెట్టుకున్నారు. దాన్ని ఆరంభించిన వెన్న నాగార్జున, పత్రికల ఫాంట్లను యూనికోడ్‌లోకి మార్చి చూపే పద్మ అనే ఫైర్‌ఫాక్స్ పొడిగింతను కూడా చేశారు. దేశికాచారి పోతన, వేమన ఫాంట్లు ఇచ్చారు. 2006లో వీవెన్ లేఖినిని తెచ్చారు. హైదరాబాద్‌లో స్వేచ్ఛ సంస్థ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌ను తెలుగులోకి తేవడానికి పూనుకుంది. ‘తెలుగు కనిపించడం లేదు’, ‘ఈ పత్రిక చదవలేకపోతున్నాను’, ‘నాకు టైపింగ్ రాదు’ అనే మూడు మామూలు ఫిర్యాదులు వరుసగా ఫాంట్లకూ, పద్మకూ, లేఖినికీ ఎదురుగా నిలబడతాయి. అవసరం నలుగురిలో పలికింది కాబట్టే చేసేవారికి ఏం చేయాలో తెలిసింది.

భాషలోని సూక్ష్మాలూ ఇలాగే బయటపడ్డాయి. పాస్‌వర్డ్ అని రాయాలనుకుంటే స కింద వ వత్తుగా చేరి ‘పాస్వర్డ్’ అవుతుంది. పొల్లు తర్వాత వెడల్పు లేని, కంటికి కనబడని ఒక గుర్తు పెడితేనే రెండు హల్లులూ విడిగా నిలుస్తాయి. ఇంగ్లీషు మాత్రమే రాసేవారికి ఈ ప్రశ్నే పుట్టదు. అదే గుర్తు 2018 ఫిబ్రవరిలో ప్రపంచ వార్త అయింది. ‘జ్ఞా’ రూపంలో ఆ గుర్తు ఉన్న వరుస సందేశంగా వస్తే ఐఫోన్‌లో యాప్ కూలిపోయేది. వాడుకరులు బహిరంగంగా తెలపగా, మనీష్ గోరేగావ్‌కర్ వంటి నిపుణులు అదే లోపం దేవనాగరి, బెంగాలీ వరుసల్లోనూ ఉందని బహిరంగంగానే విడమరిచి చూపారు. ఫిబ్రవరి 19న ఆపిల్ ఐఓఎస్ 11.2.6తో దాన్ని సరిచేసింది. ఒక భాషవారి ఫిర్యాదు బయటికి వచ్చినందువల్ల మూడు లిపులవారికి మేలు జరిగింది.

అభ్యంతరాలు

సాంకేతిక ప్రశ్నలకు ఇంగ్లీషు చాలదా అన్నది మొదటి అభ్యంతరం. 2008 సెప్టెంబరులో ప్రజలకు తెరిచిన స్టాక్ ఓవర్‌ఫ్లో మంచి జవాబుకు ఓటు వేసే పద్ధతితో అపారమైన నిధిని పోగుచేసింది. ప్రోగ్రామింగ్ చేసేవారికి అది చాలు, నిజమే. కానీ అక్షరం విడిపోవడం, వత్తు కుదరకపోవడం తెలుగు వాడుకలోంచి పుట్టే చిక్కులు. పైగా తెలుగులో అడిగినప్పుడే ‘వాడుకరి’ వంటి మాటలు అలవాటయ్యాయి. కొత్త విషయాన్ని సొంత భాషలో నలుగురూ మాట్లాడుకోకుండా ఏ భాషా దానికి మాటలు సమకూర్చుకోలేదు.

రెండో అభ్యంతరం మరింత బలమైంది: బహిరంగ స్థలాల్లో కొత్తవారికి అవమానం ఎదురవుతుంది. ఇది కల్పన కాదు. తమ చోటు కొత్తవారికి, తక్కువ ప్రాతినిధ్యం ఉన్నవారికి ఆదరణగా లేదని స్టాక్ ఓవర్‌ఫ్లో నిర్వాహకులే 2018లో రాశారు. అయితే దీనికి మందు తలుపు మూయడం కాదు, తలుపు దగ్గర మనిషిని నిలబెట్టడం. కొత్త సభ్యుడి చర్చా పేజీలో స్వాగతం పలికి, ఎక్కడ అడగాలో చెప్పే తెలుగు వికీపీడియా పద్ధతి అలాంటిదే. వెతకకుండా అడిగాడని కసరడం కంటే, పాత జవాబు లంకె ఇచ్చి రెండు మాటలు చెప్పడం ఎక్కువ శ్రమ కాదు.

మూడోది బిలాస్‌పూర్ వంటి ఊళ్ల నుంచి వచ్చేది: తెలుగు మాట్లాడినా దేవనాగరి తప్ప తెలుగు లిపి చదవలేని పిల్లలకు తెలుగు జవాబు ఏం ఉపయోగం? యూనికోడ్ కూర్పులోనే దీనికి సమాధానం ఉంది. భారతీయ లిపులను అందులో ఒకే వరుసక్రమంలో అమర్చారు. దేవనాగరి క సంఖ్య 2325, తెలుగు క సంఖ్య 3093, తేడా 768. చాలా అక్షరాలకు ఇదే తేడా వర్తిస్తుంది కాబట్టి తెలుగు రాతను దేవనాగరిలోకి మార్చి చూపడం యంత్రానికి సులువు. అయితే ఆ సులువు వెతికితే దొరికే రాతకే. బొమ్మగా పంపిన జవాబుకూ, గంట తర్వాత అడుగున పడిపోయిన సందేశానికీ అది అందదు.

మూసిన తలుపులు, మరుపు

నాలుగో వాదన నేటి అలవాటుది. ఫోన్ సందేశ బృందంలో అడిగితే నిమిషాల్లో జవాబు వస్తుంది. వాట్సాప్ బృందంలో సభ్యుల పరిమితి 2022లో 1024కు పెరిగింది కూడా. తక్షణ అవసరానికి ఇది మేలే. కానీ ఆ 1024 మందికి బయట ఉన్న వ్యక్తి వెతికితే అక్కడి మాట ఒక్కటీ దొరకదు. అదే ప్రశ్నను మరో బృందంలో మరొకరు మొదటి నుంచీ అడగాలి. బహిరంగ నిల్వలూ శాశ్వతం కావన్నది నిజం. యాహూ గ్రూప్స్ 2020 డిసెంబరులో పూర్తిగా మూతపడింది. రచ్చబండ పేరుతోనే విడిగా తెలుగు సాహిత్య చర్చ సాగిన బృందమూ ఆ గూటిదే. గూగుల్ 2024 ఫిబ్రవరిలో యూజ్‌నెట్ కొత్త రాతలకు తన గ్రూప్స్‌లో చోటు తీసేసింది. దీన్నిబట్టి నేర్వాల్సింది, ఒకే సంస్థ గోడౌనులో అంతా దాచకూడదని. రాయడమే దండగ అని కాదు.

2022 నవంబరు 30న చాట్‌జీపీటీ వచ్చాక, ఇక మనుషులను అడగడం ఎందుకన్న మాట మొదలైంది. అలాంటి యంత్రాలు నేర్చుకున్నది మనుషులు బహిరంగంగా రాసిన ప్రశ్నోత్తరాల నుంచి కూడా. ఇంగ్లీషులో ఆ నిల్వ పెద్దది, తెలుగులో చిన్నది. నిజమనిపించే తప్పు జవాబులు వెల్లువెత్తడంతో స్టాక్ ఓవర్‌ఫ్లో అదే ఏడాది డిసెంబరులో యంత్ర జవాబులను నిషేధించింది. తెలుగువారు తమ చిక్కులను తెలుగులో రాయడం మానేస్తే, రేపటి యంత్రానికి తెలుగులో చెప్పడానికి సరుకు ఉండదు. యంత్రం వచ్చింది కాబట్టి అడగడం అవసరం తగ్గలేదు; రాసిపెట్టే బాధ్యత పెరిగింది.

ఈ చరిత్ర ఇచ్చే తీర్పు స్పష్టం. అడిగినవారు చిన్నబోలేదు, భాష పెద్దదైంది. చిక్కు తీరిన ప్రతివారూ ఏ యంత్రం, ఏ వెర్షన్, ఏం కనబడింది, ఏం చేస్తే బాగుపడింది అన్న నాలుగు సంగతులు తేదీతో సహా, అందరూ వెతకగల చోట తెలుగులో రాసిపెట్టాలి. తాను పొందిన సాయానికి తీర్చగల బాకీ అదొక్కటే.