కాలువగట్టు మీద విశ్రాంతి: 1876–78 కరువులో ఒంగోలు సంఘం నేర్పే శాంతి పాఠం

ఉపోద్ఘాతం

ఆందోళన కాలంలో విశ్వాసికి శాంతి ఎక్కడి నుండి వస్తుంది? ఈ ప్రశ్న రాగానే మన ఆలోచన సాధారణంగా ప్రార్థన గది వైపు, ఏకాంత ధ్యానం వైపు వెళ్తుంది. అది తప్పు కాదు. అయితే తెలుగు సంఘ చరిత్రలో ఇదే ప్రశ్న ఒకసారి వేల మంది ఆకలిగొన్న మనుషుల మధ్య, మట్టి తవ్వే స్థలంలో ఎదురైంది. అప్పటి సేవకులు దానికి మాటతోనూ పనితోనూ జవాబు చెప్పారు. 1876–78 నాటి మహా కరువులో ఒంగోలు ప్రాంతంలో జరిగిన ఆ సేవను ఈ వ్యాసంలో శాంతి అనే కోణం నుండి పరిశీలిద్దాం. సాధారణంగా ఈ చరిత్రను బాప్తిస్మాల సంఖ్యతో గుర్తు పెట్టుకుంటాం. ఆ సంఖ్యకు ముందు గడిచిన పదిహేను నెలలే మన అంశానికి ముఖ్యమని మా అభిప్రాయం.

ముందుగా ఒక మాట. మన తెలుగు బైబిలులో ఈ భావానికి మూడు పదాలున్నాయి. యోహాను 14:27లో ‘శాంతి’, ఫిలిప్పీ 4:7లో ‘సమాధానము’, మత్తయి 11:28లో ‘విశ్రాంతి’. వాడుక భాషలో సమాధానం అంటే అడిగినదానికి చెప్పే జవాబు కూడా. విశ్రాంతి అనే మాట అలసిన శరీరానికి చెందినది. ఈ రెండు అర్థాలూ మనసులో ఉంచుకొని చదివితే ఒంగోలు చరిత్ర మనకు మరింత స్పష్టమవుతుంది.

కరువు, దాని భారం

1876లో వానలు తప్పడంతో మద్రాసు రాజధానిలో భయంకరమైన కరువు మొదలైంది. ఒంగోలు అప్పుడు నెల్లూరు జిల్లాలో ఉండేది. కరువు 1878 వరకు సాగింది. బ్రిటిషు పాలనలోని ప్రాంతాలలో సుమారు 55 లక్షల మంది చనిపోయారని ఒక అంచనా. ఆకలితో పాటు కలరా కూడా ప్రబలింది.

ఈ కరువు అందరినీ ఒకే విధంగా బాధించలేదు. ఒంగోలు ప్రాంతపు తొలి క్రైస్తవులలో అత్యధికులు మాదిగలు. చెప్పులు కుట్టడం, కపిలబావులకు తోలు బానలు చేయడం వారి వృత్తి. దానికి ప్రతిఫలం కోతల సమయంలో కళ్ళం దగ్గర రైతు కొలిచి ఇచ్చే ధాన్యం. పంట లేనప్పుడు కళ్ళం లేదు, కళ్ళం లేనప్పుడు వారి వాటా లేదు. రైతు ఇంట గాదె అడుగున కొన్ని గింజలైనా మిగలవచ్చు. మాదిగపల్లెలో మిగలడానికి ఏమీ ఉండదు. అందుచేత వారి ఆందోళనను కేవలం మనసుకు సంబంధించిన వ్యాధిగా చూడటం అన్యాయం. రేపు పిల్లలకు ఏమి పెట్టాలి అన్నదే వారి ఆందోళన.

ప్రభుత్వం సహాయ పనులు ప్రారంభించింది. కాని 1877 జనవరిలో సర్ రిచర్డ్ టెంపుల్ కూలిని తగ్గించాడు. పురుషునికి రోజుకు ఒక పౌను ధాన్యం, అంటే సుమారు 450 గ్రాములు, దానితో పాటు ఒక అణా. కష్టమైన పని చేసే మనిషికి ఇది చాలదని మద్రాసు రాజధాని ఆరోగ్యాధికారి డాక్టర్ కార్నిష్ గట్టిగా అభ్యంతరం చెప్పాడు. తరువాత కొంత పెంచారు. అనావృష్టి ప్రకృతి నుండి వచ్చినా, చావుల సంఖ్యకు పాలకుల నిర్ణయాలు కూడా కారణమని మనం మరువకూడదు.

తట్ట మోసేవారి మధ్య వాక్యం

అమెరికన్ బాప్టిస్టు మిషనుకు చెందిన జాన్ ఎవరెట్ క్లౌ 1866లో ఒంగోలు వచ్చాడు. 1867 జనవరి 1న ఎనిమిది మంది సభ్యులతో అక్కడ సంఘం ఏర్పడింది. యౌవనంలో అమెరికాలో భూమి సర్వే పని నేర్చుకున్న అనుభవం ఆయనకు ఉంది. కరువు కాలంలో అది ఉపయోగపడింది. మద్రాసును కృష్ణా కాలువలతో కలిపే బకింగ్‌హాం కాలువ పని అప్పుడు కరువు సహాయ పనిగా సాగుతూ ఉంది. అందులో మూడున్నర మైళ్ళ భాగం తవ్వే కాంట్రాక్టును క్లౌ తీసుకున్నాడు. ఆయనతో పనిచేసే తెలుగు బోధకులు అక్కడ మేస్త్రీలుగా నిలిచారు. గ్రామాల నుండి వేల మంది వచ్చారు. వారిలో క్రైస్తవులు కానివారే ఎక్కువ.

పగలు ఆ బోధకులు పని కొలిచేవారు, కూలి లెక్క చూసేవారు. పని ఆగినప్పుడు జనం మధ్య కూర్చుని మాట్లాడేవారు. వారు మళ్ళీ మళ్ళీ చెప్పిన వాక్యం మత్తయి 11:28 అని మిషను వృత్తాంతాలు చెబుతున్నాయి. ప్రయాసపడుతూ భారం మోసేవారిని యేసు తన దగ్గరకు పిలిచి విశ్రాంతి ఇస్తానన్న వాక్యం అది. మనం బోధించేటప్పుడు ఆ వాక్యంలోని భారాన్ని వెంటనే పాపభారంగా, చింతాభారంగా వివరిస్తాం. కాలువ దగ్గర విన్నవారి తలమీద నిజమైన మట్టి తట్ట ఉంది. వాక్యం మొదట వారి తలమీది బరువుకే తగిలింది. ఆ బరువు తెలిసిన ప్రభువు లోపలి బరువు కూడా తెలిసినవాడని వారు గ్రహించడానికి అదే దారి అయింది.

వాక్య సందర్భం కూడా ఇందుకు అనుకూలమే. మత్తయి 11:29లో యేసు విశ్రాంతి గురించి చెబుతూనే కాడి ఎత్తుకోమంటాడు. కాడి పనికి గుర్తు. కాబట్టి ప్రభువు ఇచ్చే విశ్రాంతి పని లేని స్థితి కాదు. ఎవరి కింద పని చేస్తున్నాం, ఎవరితో కలిసి మోస్తున్నాం అన్నదానిలో వచ్చే మార్పు అది. కూలి తగ్గించేవాడి కింద పనిచేయడానికీ, న్యాయంగా లెక్క కట్టి పక్కన కూర్చునేవాడితో కలిసి పనిచేయడానికీ ఉన్న తేడా ఆ జనానికి ఎవరూ వివరించనక్కరలేదు.

ఇక్కడ యెర్రగుంట్ల పేరయ్యను తలచుకోవడం సముచితం. తాళ్ళకొండపాడుకు చెందిన ఈయన ఒంగోలు ప్రాంతపు తొలి మాదిగ విశ్వాసులలో ముఖ్యుడు, గొప్ప బోధకుడు. క్రీస్తును తెలుసుకోకముందు ఆయన రాజయోగ మార్గంలో గురువుల దగ్గర ఉపదేశం పొందినవాడని ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ 1899లో ప్రచురించిన గ్రంథం తెలుపుతుంది. అంటే అంతశ్శాంతి కొరకైన అన్వేషణ మిషనరీలతో పాటు ఓడలో దిగిన సరుకు కాదు. మాదిగపల్లెలలో అప్పటికే ఆ దాహం ఉంది. పేరయ్య ఆ దాహంతోనే క్రీస్తు దగ్గరకు వచ్చాడు. మన ప్రజలకు ఆత్మీయ ఆలోచన లేదని, వారు కేవలం తిండి కోసం వచ్చారని చెప్పేవారికి ఆయన జీవితమే జవాబు.

పదిహేను నెలల నిరీక్షణ

అయినా ‘తిండి కోసం వచ్చారు’ అన్న విమర్శను తేలికగా తీసివేయలేము. క్లౌ కూడా తీసివేయలేదు. కరువు కాలంలో ఎందరో బాప్తిస్మం కోరారు. సహాయం ఆశించి వచ్చేవారిని, విశ్వాసంతో వచ్చేవారిని వేరు చేయడం కష్టమని ఆయన గుర్తించాడు. 1877 మార్చి నుండి 1878 జూన్ వరకు బాప్తిస్మాలు నిలిపివేశాడు. సంఖ్యల కోసం ఆతురపడే మిషనరీకి ఇంతకంటే మంచి అవకాశం ఉండదు. ఆయన దానిని ఉపయోగించుకోలేదు.

ఈ నిర్ణయంలో ఉన్న వేదాంతాన్ని మనం గమనించాలి. కూలి పని అందరికీ ఇచ్చాడు, వాక్యం అందరికీ వినిపించాడు. కాని ఒకదానిని మరొకదానికి వెలగా పెట్టలేదు. విశ్వసిస్తేనే అన్నం అనలేదు. అన్నం తిన్నావు కాబట్టి విశ్వసించు అనలేదు. అమ్మకానికి పెట్టిన శాంతి మనిషికి మరొక అప్పు అవుతుంది గాని విశ్రాంతి కాదు.

1878 వేసవి నాటికి కరువు సడలింది. సహాయ ధనం పంపిణీ ముగిసింది. అప్పుడు, ఇక ఇవ్వడానికి ఏమీ లేదని తెలిసి కూడా, జనం బాప్తిస్మం కోరుతూ వచ్చారు. తమకు డబ్బు అవసరం లేదని, సహాయం అడగమని చెప్పారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ నది ఒడ్డున వెల్లంపల్లి దగ్గర 2,222 మంది బాప్తిస్మం పొందారు. అభిషేకం పొందిన ఆరుగురు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున వంతులవారీగా నీళ్ళలో నిలిచి ఒక్కొక్కరికి విడివిడిగా బాప్తిస్మమిచ్చారు. ఆ సంవత్సరాంతానికి ఆ సంఖ్య 9,606కు చేరింది.

ప్రతి హృదయంలోని ఉద్దేశాన్ని తూచే త్రాసు చరిత్రకారుని దగ్గర లేదు. మిషను గ్రంథాలు మిషనరీలు రాసినవి. మట్టి మోసినవారు తమ కథను తాము రాసుకోలేదు. అయినా ఒక సంగతి స్పష్టం. సహాయం ఆగిపోయిన తరువాత వచ్చినవారు సహాయం కంటే ఎక్కువైనదేదో కాలువగట్టు మీద పొందారు. ఊరి నీతి వారిని దూరంగా నిలబెట్టిన రోజులలో ఒకరు వారి పక్కన కూర్చున్నారు. వారి పేరు అడిగారు. వారి భారం గురించి దేవునికి తెలుసని చెప్పారు.

బాప్తిస్మంతో కష్టాలు తీరలేదు. ఆదివారం పని చేయకూడదు, చచ్చిన పశువు మాంసం తినకూడదు, విగ్రహాలకు మ్రొక్కకూడదు అనే మూడు నియమాలు ఒంగోలు విశ్వాసులకు ఉండేవి. గ్రామదేవత జాతరలో డప్పు కొట్టనన్నా, ఆదివారం పనికి రానన్నా ఊరితో చిక్కు వచ్చేది. కాబట్టి వారు పొందిన సమాధానం ఊరితో రాజీ కాదు. రాజీ పడనందువల్ల వచ్చే కష్టాన్ని ఓర్చుకొనే బలం అది.

నేటి సేవకులకు

ఈ చరిత్ర నుండి మనం నేర్చుకోవలసిన సంగతులు మూడు.

మొదటిది, ఆందోళనకు కారణం అడగకుండా శాంతి ప్రకటించకూడదు. 2020 లాక్‌డౌన్‌లో వలస కూలీలు పిల్లలను ఎత్తుకొని రోడ్ల వెంట నడిచినప్పుడు, చింతపడవద్దు అన్న వాక్యం ఒక్కటే వారికి చాలేది కాదు. పౌలు ఫిలిప్పీ 4:6లో చింతపడవద్దని రాసినది బంధకాలలో ఉండి. అదే అధ్యాయంలో, 14వ వచనం నుండి, తన శ్రమలో పాలుపంచుకొని అవసరానికి సహాయం పంపిన సంఘానికి కృతజ్ఞత తెలిపాడు. సమాధానం గురించి రాసిన చేయే అందిన సహాయం గురించి కూడా రాసింది. మన ప్రసంగాలలో ఆరవ వచనం వినిపించినంతగా పద్నాలుగవ వచనం వినిపించదు.

రెండవది, సహాయం చేసినచోట ప్రతిఫలంగా విశ్వాసాన్ని ఆశించకూడదు. సంచి బియ్యం ఇచ్చి, ఫోటో తీసి, మరుసటి ఆదివారం హాజరు లెక్కించే సేవ క్లౌ ఆపిన పదిహేను నెలల ముందు సిగ్గుపడాలి.

మూడవది, శాంతి పొందినవారిని ఒంటరిగా విడిచిపెట్టకూడదు. 1878 తరువాత ఒంగోలు మిషను ముందున్న పెద్ద బాధ్యత, వందల గ్రామాలలో చెదిరి ఉన్న కొత్త విశ్వాసులకు కాపరులను సిద్ధపరచడం. 1872లో రామాయపట్నంలో ప్రారంభమైన వేదాంత పాఠశాల అవసరం అప్పుడే అందరికీ తెలిసింది. వేదాంత విద్యార్థులమైన మనం చదివే చదువుకు మూలం ఇటువంటి అవసరంలోనే ఉంది. అలసినవారి పక్కన కూర్చుని వారికి అర్థమయ్యే మాటలో వాక్యం చెప్పగలవారు కావాలి.

ముగింపు

కాలువ తవ్వినవారు ఆకలి తీరిన తరువాత శాంతి గురించి వినలేదు, ఆకలిని మరచిపోయి కూడా వినలేదు. పనిముట్టు పక్కన పెట్టిన కాసేపట్లో, తట్ట దించిన తలతో విన్నారు. మన సంఘాలలో ఈ ఆదివారం ఆరాధనకు వచ్చేవారిలో అప్పుల భారం, జబ్బు భారం, నిరుద్యోగ భారం మోస్తున్నవారుంటారు. వాక్యం చెప్పడానికి లేచే ముందు వారి తలమీది తట్ట ఏమిటో మనం తెలుసుకొందుము గాక. దానిని దించడానికి ఒక చేయి వేసి, అప్పుడు ప్రభువు పిలుపును వినిపించుదుము గాక.