ఎత్తుపల్లాల రైలులో మనిషి కొలత

తంబళ్లపల్లె, మదనపల్లె, పుంగనూరు ప్రాంతములలోని ఉన్నత పాఠశాలల వారికి విహారయాత్ర అనగానే ముందుగా తోచునది బెంగుళూరు. అక్కడినుండి మైసూరు పోవు దారిలో, బిడది వద్ద 2005లో తెరచిన వండర్‌లా వినోదోద్యానమును చూడవలెనని పిల్లలు ముచ్చటపడుట సహజమే. 2016లో హైదరాబాదు శివార్లలో, రావిర్యాల వద్ద అట్టిదే మరియొకటి తెరచిరి. ఈ ఉద్యానములలో అందరి కన్నులను ఆకర్షించునది రోలర్ కోస్టర్. ఉక్కు పట్టాలపై ఎత్తులకెక్కి, పల్లములకు దూకి, తలక్రిందులుగా చుట్టి వచ్చు రైలుబండి యిది.

బండిలో అందరును కూర్చుందురు. పైనుండి కడ్డీ దిగి టక్కుమని బిగియును. ఎప్పుడో ఒకప్పుడు ఒక భారీకాయుడైన విద్యార్థికో, పొడగరియైన ఉపాధ్యాయునికో ఆ కడ్డీ బిగియదు. పనివాడు రెండుమారులు నొక్కి చూచి, దిగిపొమ్మని సైగ చేయును. వరుసలో నిలిచినవారందరు చూచుచుండగా దిగిపోవుట ఎవరికైనను చిన్నతనముగానే ఉండును. కాని అక్కడ కొలతకు సరిపోనిది మనిషియా, ఆసనమా? ఈ ప్రశ్నకు సమాధానము కావలెనన్న ఆ బండి చరిత్రను కొంత వెనుకకు పోయి చూడవలెను.

రష్యా దేశమున శీతకాలములో కొయ్యకట్టడములపై నీరు పోసి, గడ్డకట్టిన ఆ మంచు వాలుపై జారుట పూర్వమునుండి ఉన్న వినోదము. ఆ వేడుకనే పారిస్ నగరమువారు 1817లో చక్రముల బండ్లతో, పట్టాల వాలుతో అనుకరించి, దానికి ‘రష్యా కొండలు’ అని పేరు పెట్టిరి. ఆ తరువాత 1884లో అమెరికాలో, న్యూయార్కు నగరపు కోనీ ఐలండ్ సముద్రతీరమున, లామార్కస్ థామ్సన్ అనునతడు ఒక ఎత్తుపల్లాల రైలును నిర్మించెను. దాని ఎత్తు సుమారు 50 అడుగులు. వేగము గంటకు 6 మైళ్ళు మాత్రమే. అనగా చురుకుగా నడచువాని వేగముకంటె కొంచెమే ఎక్కువ. జనులు పొడవాటి బల్లపై ప్రక్కకు తిరిగి కూర్చుండి, సముద్రపు గాలిని అనుభవించుచు పోయెడివారు. కడ్డీ లేదు, పట్టీ లేదు. బల్లపై కూర్చుండగల ప్రతివాడును ఆ రైలుకు సరిపోయెడివాడే. మన తిరునాళ్ళలోని రంగులరాట్నపు కొయ్యగుఱ్ఱముపై ఎవరు కూర్చుండవచ్చునో అడుగువారు లేనట్లే, అక్కడను ఆ ప్రశ్న పుట్టలేదు.

ప్రశ్న పుట్టించినది వేగము. బండి ఒక మిట్టపైనుండి దిగునపుడు దాని మార్గము ఒక వృత్తఖండము అనుకొందము. ఆ వృత్తముపై నిలిచి తిరుగుటకు వేగవర్గమును వ్యాసార్ధముచే భాగించగా వచ్చునంత త్వరణము క్రిందివైపునకు కావలెను. మిట్ట వ్యాసార్ధము 10 మీటర్లు, వేగము సెకనుకు 10 మీటర్లు అయినచో, ఈ త్వరణము దాదాపు గురుత్వ త్వరణమునకు సమానము. అప్పుడు మనిషి బరువంతయు ఆ వంపు తిరుగుటకే సరిపోవును. ఆసనము అతనిని మోయవలసిన పనిలేదు. కడుపులో ఏదో తేలినట్లు తోచునది ఈ క్షణముననే. వేగము సెకనుకు 14 మీటర్లైనచో రెండు రెట్ల త్వరణము కావలెను. గురుత్వము ఇచ్చునది ఒక రెట్టు మాత్రమే. మిగిలిన దానిని ఎవరు ఇత్తురు? ఎవరును ఇయ్యకున్న మనిషి ఆసనమును వదలి సూటిగా ముందుకు పోవును.

బండి విషయములో ఈ చిక్కును జాన్ మిల్లర్ అను అమెరికా ఇంజనీరు తీర్చెను. పట్టాపై దొర్లు చక్రము, ప్రక్కన ఒరయు చక్రము కాక, పట్టా అడుగుభాగమును పట్టుకొని యుండు మూడవ చక్రమును అతడు అమర్చెను. 1919లో దీనికి పేటెంటు లభించెను. అప్పటినుండి బండి పట్టానుండి పైకి లేవజాలదు. ఇరువది దశకములో కోస్టర్లు అంత ఎత్తుగా, అంత నిటారుగా పెరుగుటకు ఈ చిన్న చక్రమే కారణము. కాని మనిషి నడుముకు అట్టి చక్రము లేదు గదా. అతనికి తొడలపైకి వచ్చు అడ్డుకడ్డీయే ఆ మూడవ చక్రము. కోనీ ఐలండులోనే 1907లో కట్టిన ఒక కోస్టరులో ఈ కడ్డీని తొలుత వాడిరని చెప్పుదురు.

అసలు చిక్కు ఇక్కడ మొదలైనది. బండి చక్రమును పట్టా కొలతకు తగినట్లు కర్మాగారములో చేయవచ్చును. మనుషులను అట్లు చేయలేము. మన పెద్దలు బెత్తెడు, జాన, మూర, బార అని శరీరముతోనే కొలిచిరి. ఎవరి మూర వారిదే అన్న సంగతి బట్ట కొన్న ప్రతి ఇల్లాలికిని తెలుసు. కోస్టరు నిర్మాతలు మాత్రము ఒకే కడ్డీని ఇద్దరికి కలిపి పెట్టిరి. ప్రక్కప్రక్కన ఒక స్థూలకాయుడు, ఒక బక్కపలుచని బాలుడు కూర్చుండిరనుకొనుడు. కడ్డీ పెద్దవాని పొట్ట వద్దనే ఆగిపోవును. బాలుని తొడలకును కడ్డీకిని నడుమ జానెడు ఖాళీ మిగులును. లావుగా ఉన్నవానికి బిగుతు, సన్నగా ఉన్నవానికి ప్రమాదము! ఒక్కొక్కరికి వేరువేరు కడ్డీలు వచ్చిన పిదపనే ఈ లోపము తీరినది. తరువాతి కాలమున పండ్లచక్రముతో మెట్టుమెట్టుగా బిగియు కడ్డీలకు మారుగా, ద్రవపీడనపు గొట్టములతో ఏ స్థానముననైనను నిలువగల కడ్డీలు వచ్చెను.

తలక్రిందుల చుట్టు చరిత్ర వేరొక దారి పట్టినది. 1895లో కోనీ ఐలండులో ‘ఫ్లిప్ ఫ్లాప్’ అను బండికి నిలువుచుట్టును పరిపూర్ణ వృత్తముగా కట్టిరి. వృత్తపు శిఖరమున పడిపోకుండుటకు కావలసినంత వేగముతో ప్రవేశించిన బండి, అడుగున మనిషిని అతని బరువుకు కనీసము ఆరు రెట్ల బలముతో నొక్కును. వృత్తము చిన్నదైనను పెద్దదైనను ఈ ఆరు మారదు. పై తరగతి విద్యార్థులు దీనిని శక్తినిత్యత్వ సూత్రముతో తామే లెక్కకట్టి చూడవచ్చును. ఫ్లిప్ ఫ్లాపులో బలము అంతకు మించి 12 రెట్ల వరకు ఉండెనని అంచనా. మెడలు పట్టిన ప్రయాణికులు మరల అటువైపు చూడలేదు.

ఎనుబది సంవత్సరముల తరువాత రెండు పరిష్కారములు దాదాపు ఒకేసారి వచ్చెను. కాలిఫోర్నియాలో 1975లో తెరచిన ‘కార్క్‌స్క్రూ’ మరమేకు మెలికవలె మనిషిని తిప్పెను. అందు భుజములపైనుండి దిగి రొమ్మును కప్పు కాడివంటి చట్రమును వాడిరి. మరుసటి సంవత్సరమే, అదే రాష్ట్రమున, జర్మనీకి చెందిన అంటన్ ష్వార్ట్స్‌కోఫ్ నిర్మించిన ‘రివల్యూషన్’ వచ్చెను. దాని చుట్టును లెక్కకట్టినవాడు వెర్నర్ స్టెంగెల్. అతడు వృత్తమును విడిచి, అడుగున వ్యాసార్ధము పెద్దదిగాను శిఖరమున చిన్నదిగాను ఉండు క్లోథాయిడ్ వక్రమును ఎన్నుకొనెను. దానివలన చుట్టు పొడవునను మనిషి ఆసనమునకే అదుమబడి యుండును. కనుక తొడలపై కడ్డీ ఒకటే చాలినది. పట్టా వంపు సరిగా ఉన్నచో మనిషిని అంతగా బంధింపవలసిన అవసరము లేదన్నమాట. తరువాత కొన్ని సంవత్సరములకు ఆ బండికిని భుజచట్రములు తగిలించిరి. పొడగరుల చెవులు, దవడలు వానికి కొట్టుకొనసాగెను. చివరకు 2016లో ఆ చట్రములను తీసివేసి మరల తొడకడ్డీలనే పెట్టిరి. నలుబది ఏండ్లలో ఆ చుట్టు మారలేదు. మారినది మనిషిని పట్టు తీరు మాత్రమే.

మన వండర్‌లా ఉద్యానములలోని ‘రికాయిల్’ ఈ భుజచట్రపు సంతతికి చెందినది. హాలెండు దేశపు వెకోమా సంస్థవారి ‘బూమరాంగ్’ నమూనా యిది. 1980ల తొలిభాగమున రూపొందినది. ఎత్తు సుమారు 35 మీటర్లు. ముందుకు మూడుమారులు, వెనుకకు మూడుమారులు తలక్రిందులు చేయును. దీనిలో కూర్చుండువాడు నిలుచున్నపుడు ఎంత పొడవన్నది ప్రధానము కాదు. ఆసనమునుండి భుజమువరకు ఎంత, రొమ్ము వెనుకనుండి ముందుకు ఎంత మందము, పిరుదునుండి మోకాలివరకు ఎంత అనునవే అతనిని బండిలో ఉంచునా దింపునా నిర్ణయించును. అందుచేత కాళ్ళు పొడవైన ఆరడుగులవాడు సుఖముగా ఇమిడిపోవచ్చును. మొండెము పొడవైన అయిదున్నర అడుగులవానికి చట్రము భుజములపై ఒత్తుకొనవచ్చును. బస్తాలు మోసి రొమ్ము విరిసిన యువకునికి తాళము పడక, అతనికంటె బరువైన మరొకనికి పడవచ్చును. బరువుతో మనిషిని అంచనా కట్టువారు ఇక్కడ తరచుగా పొరబడుదురు.

సగటు మనిషికి ఆసనము చేసిన చాలదా అను సందేహము కలుగవచ్చును. అమెరికా వైమానిక దళమునకు ఇదే సందేహము కలిగెను. గిల్బర్ట్ డేనియల్స్ అను యువ పరిశోధకుడు 4063 మంది విమానచోదకుల కొలతలను తీసుకొని, పది కొలతలలోను సగటునకు సమీపముగా ఉన్నవారెందరో లెక్కించెను. 1952లో ప్రకటించిన ఫలితము: ఒక్కడును లేడు! సగటు మనిషికై కుట్టిన ఆసనము ఎవరికిని కుట్టినది కాదని తేలినది. అప్పటినుండి విమానములలో జరుపగల ఆసనములు, పట్టీలు వచ్చెను. మనదేశములో ఇట్టి కొలతల సంపుటము అహమ్మదాబాదులోని జాతీయ డిజైన్ సంస్థనుండి, దేబ్‌కుమార్ చక్రవర్తి కృషి ఫలితముగా, 1997లో వెలువడినది. దానికంటె ముందు రూపొందిన విదేశీ ఆసనములు మన కొలతలను ఎరుగవు.

తాళము పడినంతమాత్రమున క్షేమమని అనుకొనరాదు. 2004లో మాసచూసెట్సు రాష్ట్రమున ఒక పెద్ద కోస్టరునుండి ఒక ప్రయాణికుడు పడి మరణించెను. కడ్డీ అతని పొట్టవద్ద నిలిచి, తొడలకు ఆనలేదని విచారణలో తేలినది. పొట్ట మెత్తనిది. బలము పడినపుడు అణగి, దారి ఇచ్చును. తొడ ఎముక, కటి ఎముకలే కడ్డీకి నిజమైన ఆధారము. 2022 మార్చిలో ఫ్లోరిడాలో 14 సంవత్సరముల బాలుడొకడు ఎత్తైన గోపురమునుండి దూకు ఆసనమునుండి జారి ప్రాణము కోల్పోయెను. అది రోలర్ కోస్టర్ కాదు గాని, చట్రము అదే జాతిది. బాలుని బరువు నిర్మాత విధించిన పరిమితికంటె చాల ఎక్కువ. ఆ ఆసనపు పరికరమును చేతితో సర్దుటచేత, చట్రమునకు ఆసనమునకు నడుమ మామూలుకంటె ఎక్కువ సందున్నను బిగిసినట్లే దీపము వెలిగెను. దింపివేయవలసిన బాలుని దింపలేదు. దిగిపొమ్మని సైగ చేసిన పనివానిపై కోపగించుకొనువారు ఈ వృత్తాంతమును ఒకమారు తలచుకొనవలెను.

సిగ్గుపాటును తప్పించు మార్గము లేకపోలేదు. విదేశములలోని పెక్కు ఉద్యానములలో వరుస మొదటనే ఒక నమూనా ఆసనమును ఉంచుదురు. ఎవరైనను కూర్చుండి, చట్రము బిగియునో లేదో తామే చూచుకొనవచ్చును. కొన్ని బండ్లలో ఒకటి రెండు వరుసలకు వెడల్పైన ఆసనములు, జంట పట్టీలు ఏర్పరచిరి. మనవద్ద ద్వారమున సాధారణముగా కనిపించునది ఎత్తు చూపు గీత. అది చిన్నపిల్లలను ఆపుటకు పనికివచ్చునే గాని పెద్దవారికి ఏమియు చెప్పదు.

యాత్రకు పోవుటకు ముందు ఉపాధ్యాయులు తరగతిలోనే ఒక చిన్న ప్రయోగము చేయింపవచ్చును. గోడకు ఒక బల్లను ఆనించి, విద్యార్థిని వీపు గోడకు తగులునట్లు నిటారుగా కూర్చుండబెట్టి, బల్లనుండి నడినెత్తివరకు, భుజమువరకు, గోడనుండి మోకాలి చివరివరకు, గోడనుండి రొమ్ము ముందుభాగమువరకు స్కేలుతో కొలువవలెను. నిలుచున్నపుడు సమానమైన ఎత్తుగల ఇద్దరు విద్యార్థులు కూర్చున్నపుడు కొన్ని సెంటీమీటర్ల తేడాతో కనబడుట ఆ పట్టికలో తప్పక దొరకును. ఆ పట్టిక చేతనుండగా, ఎవరికి చట్రము ఒరయునో, ఎవరి మోకాళ్ళు ముందు ఆసనమునకు తగులునో బిడది చేరకముందే చాలవరకు ఊహింపవచ్చును.