రూటరులోని గింజ – దాని పరీక్షకులు

చేవెళ్ళ, మొయినాబాదు ప్రాంతములలో ఈ ప్రసంగము వినుచున్న శ్రోతలలో పెక్కుమంది యిండ్లలో గోడమీద ఒక చిన్న పెట్టె యుండును. దానికి రెండో మూడో కొమ్ములు, ముఖమున మినుకుమినుకుమను దీపములు. దీనినే రూటరు అందురు. వీధినుండి వచ్చు తీగను అందుకొని, అందు వచ్చు సమాచారమును ఇంటనున్న ఫోనులకును కంప్యూటరులకును పంచిపెట్టుట దీని పని. ఎవరికి ఏది చేరవలయునో, ఎవరిని లోనికి రానీయరాదో నిర్ణయించునది గావున దీనిని ఇంటి ద్వారపాలకుడనవచ్చును. పెట్టెను జూచి, ఇది విద్యుద్దీపము వంటి వస్తువే, వెలిగినన్నాళ్ళు వెలుగును, ఆరిన పారవేయుదమని చాలమంది తలంతురు. ఆ తలంపు సరికాదు. ఇది పూర్తి కంప్యూటరు. దీనికి మెదడు కలదు; జ్ఞాపకశక్తి కలదు; ఆ జ్ఞాపకమున వ్రాయబడిన విధిగ్రంథము కలదు. ఆ గ్రంథమునకు ఫర్మువేరని పేరు. ఫర్మువేరు నడిబొడ్డున నుండి యంత్రభాగముల నన్నిటిని నడుపునది కెర్నెలు. కెర్నెలనగా టెంకలోని గింజయని యర్థము. పేరు పెట్టినవారు తగినట్లే పెట్టిరి.

పాత గింజను తీసి క్రొత్త గింజను పెట్టుట, పెట్టిన పిదప యంత్రము బ్రతికినదా లేదా యని పరీక్షించుట, ఈ రెండు పనులకు ఇరువది యేండ్లకు మించిన చరిత్రము కలదు. దానిని నడిపినవారిలో అధికులు జీతము గొననివారు. ఒక్కొక్కరు తమ యింటి పెట్టెనే పరీక్షకు ఒడ్డినవారు.

కథ 2002వ సంవత్సరము డిసెంబరులో ఆరంభమగుచున్నది. అమెరికాలోని లింక్‌సిస్ అను కంపెనీ డబ్ల్యు.ఆర్.టి.54జి అను రూటరును విపణిలో ప్రవేశపెట్టెను. నీలము నలుపు రంగుల పెట్టె. శాశ్వత జ్ఞాపకము 4 మెగాబైట్లు, తాత్కాలిక జ్ఞాపకము 16 మెగాబైట్లు. మరుసటి యేట సిస్కో కంపెనీ సుమారు 50 కోట్ల డాలర్ల విలువకు లింక్‌సిస్‌నే కొనివేసెను. ఇంతలో 2003 జూన్ మాసమున ఆండ్రూ మిక్లాస్ అను నాతడు ఆ పెట్టెలోని ఫర్మువేరును పరిశీలించి, అందున్నది లినక్సు కెర్నెలే యని బహిరంగముగా తెలిపెను. లినక్సు 1991లో లీనస్ టోర్వాల్డ్స్ అను ఫిన్లాండు విద్యార్థి ఆరంభించిన కెర్నెలు. దానిని ఎవరైనను వాడుకొనవచ్చును, మార్చుకొనవచ్చును, అమ్ముకొనవచ్చును. కాని అమ్మినవాడు మూలపాఠమును కొన్నవాని కీయవలయును. జి.పి.ఎల్. అను అనుమతిపత్రము విధించిన నియమమిది. కంపెనీ ఆ నియమమును పాటింపలేదని తేలెను. ఒత్తిడి పెరుగగా ఆ సంవత్సరముననే మూలపాఠమును వెల్లడించిరి. అయినను వివాదము అంతటితో తీరలేదు. ఇతర వస్తువుల విషయమున 2008 డిసెంబరులో ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషను సిస్కోపై వ్యాజ్యము వేయగా, 2009 మేలో రాజీ కుదిరెను.

మూలపాఠము చేతికి రాగానే 2004 జనవరిలో కొందఱు ఔత్సాహికులు ఓపెన్ డబ్ల్యు.ఆర్.టి. అను ఫర్మువేరును ఆరంభించిరి. ఆ పెట్టె పేరులోని మూడక్షరములే వీరి పేరులో నిలిచినవి. తొలుత కంపెనీ యిచ్చిన మూలమునే దిద్దుకొనిరి. కాని 2005 నాటికి వేఱొక మార్గమును పట్టిరి. కంపెనీ యిచ్చిన పాత కెర్నెలును విడిచి, టోర్వాల్డ్స్ బృందము వెలువరించు శుద్ధమైన కెర్నెలునే గైకొని, దానిపై తమకు వలసిన అతుకులు మాత్రము వేసికొందుమని నిశ్చయించిరి. నా దృష్టిలో ఈ చరిత్రమున కెల్ల ఇదియే ముఖ్యఘట్టము. ఏలయన కంపెనీ కెర్నెలు కంపెనీతోపాటే ముసలిదగును. శుద్ధ కెర్నెలు ఏటేట క్రొత్తదగుచుండును. దానివెంట నడచుటకు పూనుకొన్నవారు ఎన్నడును ఆగరాదు. కెర్నెలు మారినప్పుడెల్ల అతుకులన్నియు మరల వేయవలయును. వేసిన పిదప ప్రతి యంత్రమును మరల పరీక్షింపవలయును.

కెర్నెలును మార్చకుండుటకు వీలులేదా యని శ్రోతలు ప్రశ్నింపవచ్చును. కెర్నెలునకు ఆయుఃప్రమాణము కలదు. దీర్ఘకాలపోషణకు ఎన్నుకొన్న కెర్నెళ్ళకు కొన్ని యేండ్లపాటు దోషనివారణ జరుగును, తరువాత ఆగిపోవును. ఉదాహరణమునకు 4.14 సంఖ్యగల కెర్నెలు 2017 నవంబరున వెలువడి 2024 జనవరితో పోషణ కోల్పోయెను. ఆ తరువాత అందు కనుగొనబడు రంధ్రము రంధ్రముగనే యుండును. రంధ్రములు బయటపడుట అరుదు గాదు. 2017 అక్టోబరు 16వ తేదీన బెల్జియము పరిశోధకుడు మాథీ వాన్‌హోఫ్, నిస్తంత్రీ సమాచారమును కాపాడు డబ్ల్యు.పి.ఎ.2 పద్ధతిలోనే లోపము కలదని వెల్లడించెను. అది కెర్నెలునకే పరిమితమైన దోషము గాదు గాని, లోకమందలి రూటర్లన్నిటిని కలవరపెట్టెను. స్వచ్ఛంద బృందము ఆ వారములోనే సవరించిన ఫర్మువేరును విడుదల చేసెను. ఎన్నో కంపెనీల పాత పెట్టెలకు సవరణ ఎన్నటికిని రాలేదు.

ఇక అతుకుల సంగతి. ఓపెన్ డబ్ల్యు.ఆర్.టి. వారు తమ అతుకులను మూడు మూటలుగా కట్టియుంచుదురు. మొదటి మూటలోనివి, టోర్వాల్డ్స్ బృందము తరువాతి కెర్నెలులో ఇప్పటికే చేర్చుకొన్నవి. పాత కెర్నెలునకు వెనుకకు తెచ్చుకొన్నవి. రెండవ మూటలోనివి, అక్కడ అంగీకారమునకై నిరీక్షించుచున్నవి. మూడవ మూటలోనివి, అక్కడ ఎన్నటికిని అంగీకరింపబడవు గాని ఇక్కడ లేనిచో పని జరుగనివి. క్రొత్త కెర్నెలు వచ్చినప్పుడు మొదటి మూట తేలికపడును. మిగిలిన రెండు మూటలలో కొన్ని అతుకులు అతుకవు. అతికినట్లే కనబడి లోపల చీలియుండునవియు కలవు. ఇవియే ప్రమాదకరములు.

తాళపత్ర గ్రంథములను పరిష్కరించు పద్ధతి తెలిసినవారికి ఈ శ్రమ క్రొత్తగా తోపదు. సి.పి. బ్రౌను దొర 1829లో వేమన పద్యములను అచ్చొత్తించుటకు ముందు అనేక ప్రతులను సేకరించి పండితులచే సరిపోల్పించెను. ఒక్క ప్రతిని నమ్మినవాడు ఒక్క లేఖకుని ప్రమాదమును పాఠముగ నిలుపును. అయితే పరిష్కర్తకు ప్రతులన్నియు ఒక్క బల్లమీద దొరకవచ్చును. రూటరు కెర్నెలు పరిష్కర్తకు ఆ భాగ్యము లేదు. 2025 ఫిబ్రవరిలో 6.6 కెర్నెలుతో వెలువడిన 24.10 అను కూర్పు 1970కి పైగా యంత్రరకములకు పనిచేయునని ప్రకటించిరి. ఇన్ని యంత్రములను తన యింట నుంచుకొన్న కర్త ఎవడును లేడు. ఒక యంత్రము జర్మనీలో నుండును, ఒకటి బ్రెజిలులో, మఱియొకటి హైదరాబాదు పొలిమేరలోని పల్లెలో. కర్త వ్రాయును, యంత్రము గలవాడు పరీక్షించును. కెర్నెలు మార్పు వ్రాయబడిన పత్రము క్రింద, దానిని తన యంత్రముపై నడిపి చూచితినని పరీక్షకుని పేరు చేర్చుట లినక్సు లోకమున ఆచారము.

పరీక్ష జరుగు విధమును కొంచెము వివరముగ చెప్పుదును. ప్రతి యంత్రవర్గమునకును స్థిరకెర్నెలు ఒకటి నిర్ణయింపబడియుండును. మార్పుకాలమున దాని ప్రక్కన పరీక్షాకెర్నెలు మఱియొకటి యుండును. సామాన్యునకు లభించునది స్థిరకెర్నెలు. పరీక్షింప గోరినవాడు మూలపాఠమును తెచ్చుకొని, పరీక్షాకెర్నెలును కోరుకొని, తన యంత్రమునకు ఫర్మువేరును తానే కట్టుకొనును. వివేకి యగువాడు దానిని వెంటనే శాశ్వత జ్ఞాపకమున వ్రాయడు. తాత్కాలిక జ్ఞాపకముననే నడచు ప్రతిని మొదట ఎక్కించును. అది చెడినచో విద్యుత్తు ఆపి మరల పెట్టిన చాలును. పాత ఫర్మువేరు యథాస్థానమున నుండును. అది నిలిచిన పిదపనే శాశ్వతముగ వ్రాయుట. అప్పుడు చూడవలసినవి చాల కలవు. తీగ రంధ్రములన్నియు పనిచేయుచున్నవా? నిస్తంత్రీ తరంగములు రెండు పట్టీలలోను వెలువడుచున్నవా? ఇంటివారు పెట్టుకొన్న అమరికలు నిలిచినవా? వారము గడచిన తరువాత జ్ఞాపకము క్రమముగ హరించిపోవుచున్నదా? ఈ కడపటి దోషము ఒక గంట పరీక్షకు దొరకదు.

శాశ్వతముగ వ్రాయునప్పుడు విద్యుత్తు పోయినచో పెట్టె ఇటుకగా మారినదని పరీక్షకులందురు. మాట హాస్యమే గాని, ఇంట నొక్క పెట్టె మాత్రమే యున్నవానికి అది హాస్యము గాదు. వేసవిలో కరెంటు నమ్మరాని మన పల్లెలలో పరీక్షకుడు బ్యాటరీ ఆధారము లేక ఈ పనికి పూనుకొనరాదు. ఇటుకయైన పెట్టెను బ్రతికించుటకు పలకలోపలి మూడు సన్నని కాలులకు తీగలు తగిలించి యంత్రముతో నేరుగ మాటలాడు పద్ధతి కలదు. అందు ప్రవహింపవలసినది సాధారణముగ 3.3 వోల్టులు, తొందరలో 5 వోల్టుల తీగను తగిలించినచో మిగిలిన ప్రాణమును పోవచ్చును.

అన్నియు బాగుగ నున్నవి యని వ్రాయు పరీక్షకుని కంటె, పనిచేయలేదు, ఇదిగో యంత్రము కడపట పలికిన మాటలు అని వ్రాయువాడు ఎక్కువ మేలుచేయును. పాత కెర్నెలున నడచి క్రొత్తదాన నడువనిచో, దోషి యగు మార్పును కనుగొనుటకు చక్కని ఉపాయము కలదు. నడుమనున్న మార్పును పరీక్షింతురు. అది మంచిదైనచో దోషము తరువాతి సగమున నున్నది; చెడ్డదైనచో మొదటి సగమున. ఇట్లు సగము సగము చేయుచు పోయినచో వేయి మార్పులలోని దోషిని పది పరీక్షలతో పట్టుకొనవచ్చును. పదిమారులు కట్టి, పదిమారులు ఎక్కించి చూచుటకు ఓపిక వలయును. పాండిత్యము అంతగా అక్కరలేదు.

ఈ చరిత్రమున ఓటములును కలవు. మొదటి పెట్టెలోని బ్రాడ్‌కాం కంపెనీ నిస్తంత్రీ భాగమునకు మూలపాఠము లేదు. మూసిన ముద్ద మాత్రమే లభించెను. ఆ ముద్ద 2.4 కెర్నెలునకే కుదురును. కావున ఇతర యంత్రములు 2.6కు సాగినను, చాలకాలము ఆ పెట్టె పాత కెర్నెలునకే కట్టుబడియుండెను. మూసియున్న ఒక్క భాగము పెట్టెనంతను పట్టి నిలిపెను. అటుపిమ్మట జ్ఞాపకపు కొరత వచ్చెను. కెర్నెలు కూర్పు కూర్పునకు పెరుగుచున్నది. 4 మెగాబైట్ల పెట్టె పెరుగదు. వ్యాకరణకర్తలు సూత్రమున ఒక్కొక్క అక్షరము మిగుల్చుకొన్నట్లు వీరు బైట్లను మిగుల్చుకొనిరి గాని, 2020 జనవరిలో 4.14 కెర్నెలుతో వెలువడిన 19.07 తరువాత అంత చిన్న పెట్టెలకు అధికారికముగ ఫర్మువేరు కట్టుట మానిరి. ఆ కాలముననే ఆథెరోస్ యంత్రవర్గమును పాత అమరికనుండి క్రొత్త అమరికకు మార్చిరి. ఏ యంత్రమునకు పరీక్షకుడు ముందుకు వచ్చెనో అది దాటెను. ఎవరును రానిది ఆవలి గట్టుననే మిగిలెను. అవి చెడిపోయిన యంత్రములు గావు. అడుగువారు లేని యంత్రములు.

నడుమ ఒక చీలికయు కలిగెను. నిర్ణయములు తెఱమఱుగున జరుగుచున్నవని కొందఱు కర్తలు 2016 మేలో విడివడి లీడ్ అను పేర వేఱుగ సాగించిరి. మొయినాబాదు నుండి చేవెళ్ళకు బోవు మార్గమున మఱ్ఱులను చూచినవారికి ఊడ నేలనంటి తానే మ్రానగుట క్రొత్తగాదు. 2018 జనవరిలో ఇరుపక్షములును కలసెను. పేరు పాతది నిలిచెను. నడవడి క్రొత్తవారిది నిలిచెను.

మన దేశమున ఈ పరీక్షలు గృహస్థులకు సాధ్యమగుటకు ప్రభుత్వ నిర్ణయ మొకటి తోడ్పడెను. 2005 జనవరిలో 2.4 గిగాహెర్ట్జు తరంగపట్టీని, 2018 అక్టోబరులో 5 గిగాహెర్ట్జు పట్టీలోని విస్తృతభాగమును, నిర్ణీతశక్తికి లోబడి అనుమతిపత్రము లేకయే వాడుకొననిచ్చిరి. పరీక్షకుడు తన పెట్టెలో దేశము భారతమని అమర్చుట అందువలననే యవసరము. అదే 2005లో హైదరాబాదున పుట్టిన స్వేచ్ఛ అను సంస్థ లినక్సు ఆధారముగ తెలుగున పలుకు కంప్యూటరు వ్యవస్థను సిద్ధపఱచుటకు పూనుకొనెను. వారి కృషి ప్రధానముగ భాషపై. అయినను మూలపాఠమును తెఱచి చూచుట, దోషమును కనుగొని వ్రాసి పంపుట అను అలవాటును తెలుగు విద్యార్థులకు నేర్పినవారిలో వారు ముఖ్యులు. ఇంటర్నెట్టు కంపెనీలు తమ చందాదారులకిచ్చు పెట్టెలు తఱచుగ మన దేశమునకే ప్రత్యేకమైన రకములు. వాటిని జర్మనీవాడు పరీక్షింపజాలడు, వానియొద్ద అవి యుండవు. చేవెళ్ళలోనో మొయినాబాదులోనో అటువంటి పాత పెట్టె గల విద్యార్థి, తలుపు తాళము వేయబడియుండని రకమైనచో, పలకమీది అక్షరములను చదివి, సంఖ్యలను గుర్తించి, కర్తలకు తెలుపుటతోనే పని ఆరంభమగును. చందా కంపెనీకే చెందిన పెట్టెను మాత్రము విప్పరాదు, తనదైనదానినే విప్పవలయును.

2024 నవంబరులో ఈ ఉద్యమమువారు సాఫ్ట్‌వేర్ ఫ్రీడం కన్జర్వెన్సీ అను సంస్థతో గూడి తమ సొంత రూటరును వెలువరించిరి. దానికి ఓపెన్ డబ్ల్యు.ఆర్.టి. వన్ అని పేరు. అందు శాశ్వత జ్ఞాపకములు రెండు వేఱువేఱుగ నున్నవి; ఒకటి పాడైనచో వెలుపలనున్న మీటను జరిపి రెండవదానినుండి బ్రతికింపవచ్చును. కెర్నెలును పరీక్షించువాని భయమును ఎఱిగి చేసిన యేర్పాటిది. విడుదలనాటి వెల 89 డాలర్లు. మన అంగళ్ళలో సామాన్యమైన రూటరు వెలకు అది పలురెట్లు. కావున మన పల్లెల పరీక్షకునకు ప్రస్తుతము పాత పెట్టెయు, మూడు తీగలును, కరెంటు పోని గంటయు సాధనములు.