రఖం నుంచి సర్వే దాకా: నల్లగొండ ప్రాంతంలో మద్యహాని కొలమానాల చరిత్ర

హైదరాబాదు–విజయవాడ జాతీయ రహదారిపై నార్కట్‌పల్లికి, నకిరేకల్‌కు నడుమ ఉన్న కట్టంగూర్ మండలం తాటిచెట్ల సీమలోనిది. ఈ ప్రాంతపు ఆధునిక చరిత్రలో మద్యానికి లెక్కలు లేని కాలం దాదాపు కనిపించదు. చెట్లను లెక్కించారు, దుకాణాలను వేలం వేశారు, రాబడిని దస్తరాలకు ఎక్కించారు. తాగుడు వల్ల ఏ ఇంట ఎంత నష్టం జరిగిందన్న లెక్క మాత్రం చాలాకాలం పాటు ఏ దస్తరానికీ ఎక్కలేదు. రాబడిని కొలిచే సాధనం నుంచి హానిని కొలిచే సాధనం దాకా సాగిన ప్రయాణాన్నీ, అందులో నేటికీ మిగిలి ఉన్న వెలితినీ పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

అబ్కారీ లెక్క

నిజాం రాజ్యంలో మద్యంపై ప్రభుత్వాధికారం ఫసలీ 1316 (1906–07) నాటి హైదరాబాదు అబ్కారీ చట్టంతో స్థిరమైన రూపం పొందింది. చెట్టు ఎవరి పొలంలో ఉన్నా గీత హక్కు సర్కారు అనుమతికి లోబడి ఉండేది. గుత్తేదారు వేలంలో హక్కు పాడుకునేవాడు. గీసేవాడు రఖం కట్టేవాడు. ఈ వ్యవస్థకు మూల ప్రమాణం చెట్టు. గీతకు ఇచ్చిన చెట్టును గుర్తించి లెక్కలో చేర్చేవారు. చెట్టెక్కి జారిపడిన మనిషికి ఆ లెక్కలో చోటు లేదు. మోకు, ముత్తాదు, గీత కత్తి పట్టుకొని రోజూ ప్రాణాన్ని పణంగా పెట్టిన గీత కార్మికుడు అబ్కారీ పత్రాలలో రఖం చెల్లింపుదారుగానే మిగిలాడు.

తెలంగాణ సాయుధ పోరాట కాలంలోనూ, ఆ తరువాతా గీత కార్మికులు సంఘటితం కావడానికి ఇదొక కారణం. సూర్యాపేట ప్రాంతానికి చెందిన బొమ్మగాని ధర్మభిక్షం వంటి నాయకులు చెట్టుపై గీసేవాడి హక్కును ప్రధాన సమస్యగా ముందుకు తెచ్చారు. హైదరాబాదు, ఆంధ్ర ప్రాంతాల వేర్వేరు అబ్కారీ చట్టాల స్థానంలో 1968లో ఆంధ్రప్రదేశ్ ఎక్సైజ్ చట్టం వచ్చింది. పేరు మారినా మద్యాన్ని రాబడిగా చూసే దృష్టి మారలేదు.

ఒకే పదం, వేర్వేరు అర్థాలు

ఈ ప్రాంతంలో ‘తాగడం’ అన్న క్రియకు అన్ని సముదాయాలలోనూ ఒకే అర్థం లేదు. గౌడ కుటుంబానికి కల్లు కులవృత్తి, జీవనాధారం. పొద్దంతా పొలంలో వంగి పనిచేసిన కూలీకి మండువ దగ్గరి లొట్టి కల్లు అలుపు తీర్చే పానీయం. బోనాల వంటి సందర్భాలలో దేవతకు పోసే ‘సాక’ ఆచారంలో భాగం. గుడుంబా సంగతి వేరు: అది చాటుగా కాచేది, చాటుగా అమ్మేది, కాచేవారికి కేసుల భయం, తాగేవారికి ప్రాణభయం. ఈ భేదాలను గుర్తించని కొలమానం సాకకూ సారాకూ ఒకే అంకె వేస్తుంది. హాని ఎక్కడ మొదలవుతుందో ఆ అంకె చెప్పలేదు.

స్త్రీల సాక్ష్యం

1980లలో వారుణి వాహిని పథకంతో సారా ప్యాకెట్ల రూపంలో మారుమూల ఊళ్లకు చేరింది. 1970ల ఆరంభంలో నలభై కోట్ల రూపాయల లోపు ఉన్న రాష్ట్ర ఎక్సైజ్ రాబడి, రెండు దశాబ్దాలలో ఎనిమిది వందల కోట్ల దరికి చేరింది. ఈ పెరుగుదలకు మరో ముఖం నెల్లూరు జిల్లా అక్షరాస్యతా ఉద్యమంలో బయటపడింది. రాత్రి బడిలో ‘సీతమ్మ కథ’ పాఠం చదివిన స్త్రీలు అందులో తమ ఇళ్లను చూసుకున్నారు. దూబగుంట స్త్రీలు 1992లో మొదలుపెట్టిన సారా వ్యతిరేక ఉద్యమం అనతికాలంలో తెలంగాణ జిల్లాలతో సహా రాష్ట్రమంతా వ్యాపించింది.

కొలమానాల చరిత్రలో ఈ ఉద్యమానికి ప్రత్యేక స్థానం ఉంది. స్త్రీలు సారాను గ్యాలన్లలో కొలవలేదు. ఇంటికి చేరని కూలి, కుదువకు పోయిన పుస్తె, పొయ్యి వెలగని పూట, ఒంటి మీది దెబ్బ వారి ప్రమాణాలు. అబ్కారీ శాఖ జమ రాసుకున్న రూపాయే వారి ఇంటి లెక్కలో ఖర్చు. ఉద్యమ ఒత్తిడితో 1993 ఏప్రిల్‌లో నెల్లూరు జిల్లాలోనూ, అదే ఏడాది అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారాను నిషేధించారు. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం అమలులోకి వచ్చింది. 1997లో దానిని సడలించారు. సడలింపునకు ప్రధాన కారణంగా ముందుకు వచ్చింది మళ్లీ ఖజానా నష్టమే.

సర్వేల కాలం

సారా ఉద్యమం సాగిన 1992–93లోనే తొలి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే జరిగింది. సంతానం, కుటుంబ నియంత్రణ, శిశు మరణాలు దాని ప్రధానాంశాలు. భర్త తాగుడును, గృహహింసను పక్కపక్కన పెట్టి విచారించడం 2005–06 నాటి మూడవ సర్వేతో సాధ్యమైంది. 2019–21 నాటి ఐదవ సర్వే ప్రకారం తరచుగా తాగి వచ్చే భర్తలున్న స్త్రీలలో దేశవ్యాప్తంగా 70 శాతం మంది శారీరక లేదా లైంగిక హింసకు గురయ్యారు. భర్తకు తాగే అలవాటు లేని స్త్రీలలో ఇది 23 శాతం. ఉద్యమకాలంలో స్త్రీలు నోటిమాటగా చెప్పిన సాక్ష్యం ఇన్నేళ్లకు గణాంకమైంది.

అదే సర్వే ప్రకారం తెలంగాణలో 15 ఏళ్లు పైబడిన పురుషులలో 43.3 శాతం, స్త్రీలలో 6.7 శాతం మద్యం తాగుతారు. దేశ సగటు పురుషులలో 18.8, స్త్రీలలో 1.3. ఈ అంకెలు వ్యాప్తిని చూపుతాయి గాని హానిని పూర్తిగా చూపలేవు. వారానికి ఒకనాడు మండువకు వెళ్లే కూలీ, ప్రతి రాత్రీ బెల్టు షాపుకు పోయే యువకుడు అందులో ఒకే గడిలో పడతారు. మహబూబ్‌నగర్ వంటి జిల్లాలలో క్లోరల్ హైడ్రేట్, డైజెపామ్, అల్ప్రాజోలం కలిపిన కల్తీ కల్లు మరో చిక్కు తెచ్చింది. 2015లో దాడులు ముమ్మరమై ఆ కల్లు దొరకనప్పుడు, దానికి అలవాటు పడినవారు వింత ప్రవర్తనతో ఆసుపత్రుల పాలయ్యారు. ఆ హానికి మూలం మద్యసారం కాదు; మద్యసారాన్ని కొలిచే సాధనానికి అది చిక్కదు.

న్యాయస్థానం మరొక కొలత పెట్టింది. జాతీయ, రాష్ట్ర రహదారులకు 500 మీటర్ల లోపు మద్యం దుకాణాలు ఉండరాదని సుప్రీంకోర్టు 2016 డిసెంబరు 15న ఆదేశించింది. ఇరవై వేల లోపు జనాభా గల స్థలాలకు ఈ దూరాన్ని 2017 మార్చి 31న 220 మీటర్లకు తగ్గించింది. కట్టంగూర్ వంటి రహదారి ఊళ్లకు దీనితో ప్రమాద నివారణ ఒక దూరంగా మారింది. దారిన పోయే వాహనానికి ఆ దూరం కొంత రక్షణ. దుకాణం వెనుక వీధిలోని ఇంటికి అది రక్ష కాదు.

ముగింపు

హానిని ముందుపెట్టి కొలిచే పద్ధతి ఈ జిల్లాకు కొత్త కాదు. నల్లగొండ నీటిలోని ఫ్లోరైడును లీటరుకు 1.5 మిల్లీగ్రాముల హద్దుతో పోల్చి చూడడం అందరికీ తెలిసినదే. ఎముకలు, పళ్లపై కలిగే ప్రభావమే ఆ హద్దుకు ఆధారం. అక్కడ దేహం నుంచి అంకె పుట్టింది. మద్యం విషయంలో చెట్టు, వేలం, ఖజానాల నుంచి అంకె పుట్టింది. చెట్టుపై నుంచి పడిన గీత కార్మికుడు, కల్తీకి బలైన కూలీ, దెబ్బలు తిన్న ఇల్లాలు వేర్వేరు సముదాయాలలో వేర్వేరు రకాల హానిని మోస్తున్నారు. ఆయా ఇళ్ల నష్టాన్ని ఆయా సముదాయాల మాటల్లో నమోదు చేసినప్పుడే మద్యహాని లెక్క సమగ్రమవుతుంది. ఆ పనికి 1992 నాటి స్త్రీలు వాడిన ప్రమాణాలు ఇప్పటికీ గట్టి పునాది.